హెలికాప్టర్ టెయిల్ రోటర్‌కి ‘తప్పనిసరి తనిఖీ’ ఆదేశం వస్తే ఆ హెలికాప్టర్ ఎక్కకూడదా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఈ సీజన్‌లో అమ్మానాన్నలను హెలికాప్టర్‌లో కేదార్‌నాథ్ పంపుదామని టికెట్లు చూస్తున్నారు. ఈలోగా ‘టెయిల్ రోటర్ భాగాలకు తప్పనిసరి తనిఖీ, వెంటనే చెయ్యాలని ఆదేశం’ అన్న వార్త కంటబడింది. అంటే ఆ మోడల్‌లో లోపం ఉన్నట్టే కదా, మరి పూర్తిగా ఆపెయ్యకుండా తనిఖీ చేసి మళ్ళీ ఎందుకు ఎగరనిస్తున్నారు, పెద్దవాళ్ళను ఎక్కించవచ్చా అని మీ టెన్షన్.

నా ఉద్యోగమంతా హెలికాప్టర్ల మెయింటెనెన్స్‌లోనే గడిచింది. మొదట రాజమండ్రి నుంచి సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వే రిగ్గులకు మనుషులను చేరవేసే హెలికాప్టర్ల మీద, తర్వాత హిమాలయాల్లో యాత్రికులను మోసే చిన్న హెలికాప్టర్ల మీద పనిచేశాను. ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. అలాంటి ఆదేశం వచ్చిన మోడల్ ఎక్కడానికి నాకు భయం లేదు. ఆ తనిఖీ ఎప్పుడు చేశారు, ఎవరు సంతకం పెట్టారు అంటే నీళ్ళు నమిలే ఆపరేటర్ దగ్గర మాత్రం, ఆదేశం ఉన్నా లేకపోయినా, ఎక్కను. ఎందుకో అర్థం కావాలంటే తోక చివర ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

మెయిన్ రోటర్‌ని ఇంజన్ ఒకవైపు తిప్పుతుంటే హెలికాప్టర్ బాడీ రెండోవైపు తిరిగిపోవాలని చూస్తుంది. తోక చివరి చిన్న రోటర్ పక్కకి నెడుతూ దాన్ని ఆపుతుంది. పైలట్ పెడల్ నొక్కినప్పుడు టెయిల్ రోటర్ వేగం మారదు, దాని బ్లేడ్ల కోణం మారుతుంది. కోణం పెరిగితే నెట్టే బలం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ముక్కు ఎటు తిరగాలన్నా, ఎక్కడ ఆగాలన్నా ఆ కోణమే ఆధారం.

చిక్కంతా ఇక్కడే ఉంది. బ్లేడ్లు గిర్రున తిరుగుతుంటాయి. పెడల్ నుంచి వచ్చే కంట్రోల్ రాడ్ మాత్రం తిరగదు, ముందుకూ వెనక్కూ జరుగుతుందంతే. తిరగని రాడ్ కదలికను తిరిగే బ్లేడ్లకు అందించాలంటే రెండింటి మధ్యా ఒక బేరింగ్ ఉండి తీరాలి. చాలా మోడళ్ళలో అది అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. గేర్‌బాక్స్ షాఫ్ట్ లోపల ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు కూడా. ఇటీవలి కాలంలో టెయిల్ రోటర్ తనిఖీల గురించి లోకమంతా మాట్లాడుకున్న రెండు కేసులూ ఆ బేరింగ్ దగ్గరే మొదలయ్యాయి.

హెలికాప్టర్‌లో చాలావాటికి ప్రత్యామ్నాయం ఉంటుంది. రెండు ఇంజన్లుంటే ఒకటి ఆగినా రెండోది లాగుతుంది. ఉన్న ఒక్క ఇంజనూ ఆగితే గాలి ఊపుతోనే మెయిన్ రోటర్‌ని తిప్పుకుంటూ ఆటోరొటేషన్‌లో దిగవచ్చు, దానికి పైలట్లకు శిక్షణ ఉంటుంది. రేడియోలు రెండు, పెద్ద హెలికాప్టర్లలో హైడ్రాలిక్స్ కూడా రెండు. టెయిల్ రోటర్ మాత్రం ఒక్కటే. దాన్ని తిప్పే డ్రైవ్‌షాఫ్ట్ ఒక్కటే, కోణం మార్చే రాడ్ కూడా ఒక్కటే. రెండోది పెట్టే వీల్లేదు కాబట్టి ఆ భాగాల విషయంలో భద్రత రెండే రెండింటి మీద ఆధారపడుతుంది: డిజైన్‌లో వదిలిన మార్జిన్, విడవకుండా చేసే తనిఖీ.

అది ఊడిపోతే ఇక చావేనా అంటే, కాదు. 1995 జనవరి 19న నార్త్ సీ మీద ఎగురుతున్న ఒక సూపర్ ప్యూమా హెలికాప్టర్ టెయిల్ రోటర్ మీద పిడుగు పడింది. బ్లేడ్ దెబ్బతిని బ్యాలెన్స్ తప్పింది. ఆ కుదుపులకు చివరికి టెయిల్ రోటర్ గేర్‌బాక్సే విడిపోయింది. పైలట్లు ఆటోరొటేషన్‌లో నీళ్ళ మీద దించారు, లోపలున్న 18 మందీ బతికి బయటపడ్డారు. చేతిలో ఎత్తు ఉంది, ముందుకు వేగం ఉంది, అందుకే అది సాధ్యమైంది. నేల దగ్గర గాల్లో నిలబడి ఉన్నప్పుడో, నిట్టనిలువుగా లేస్తున్నప్పుడో అదే జరిగితే పైలట్ చేతిలో మిగిలేది చాలా తక్కువ.

ఇక ఆ ఆదేశం సంగతి. ఏదైనా భాగంలో పగులో, అరుగుదలో బయటపడితే ముందుగా స్పందించేది తయారీ కంపెనీ. అది అలర్ట్ సర్వీస్ బులెటిన్ ఇస్తుంది: ఫలానా నంబర్ల హెలికాప్టర్లలో ఫలానా భాగాన్ని ఇన్ని గంటల్లోపు ఇలా చూడండి అని. కంపెనీ చెప్పిన దాన్ని చట్టంగా మార్చేది ఆ హెలికాప్టర్ డిజైన్‌ని ఆమోదించిన దేశపు సంస్థ. అమెరికన్ డిజైన్ అయితే ఎఫ్ఏఏ, యూరప్‌ది అయితే ఈఏఎస్ఏ. అలా చట్టమైన కాగితాన్ని ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్ అంటారు, హ్యాంగర్‌లో మేం ‘ఏడీ’ అంటాం. మన దేశంలో డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం తన హెలికాప్టర్‌కి వర్తించే ప్రతి ఏడీనీ ఆపరేటర్ గడువులోగా పూర్తి చెయ్యాలి. గడువు దాటితే ఆ హెలికాప్టర్‌కి ఎగిరే అర్హత ఉండదు. రేపు చూద్దాంలే అనే వీలు లేదు.

మీరు చూసిన వార్తలో ‘వెంటనే’ అని ఉందన్నారు. ఏడీలో గడువు చూస్తేనే విషయం ఎంత తీవ్రమో మాకు తెలిసిపోతుంది. ‘తర్వాతి ఫ్లైట్‌కి ముందే’ అని ఉంటే హెలికాప్టర్ ఎక్కడుంటే అక్కడే ఆగాలి. ‘10 గంటల్లోపు’ అంటే ఒకటి రెండు రోజుల పని. ‘తర్వాతి వార్షిక తనిఖీలోపు’ అంటే ఊపిరి తీసుకోవచ్చు. కొన్ని ఏడీలు ఒక్కసారి చూసి వదిలేస్తే చాలంటాయి. కొన్ని ప్రతి ఇన్ని గంటలకూ చూస్తూనే ఉండాలంటాయి. కొన్నింటిలో మెరుగుపరిచిన భాగం బిగిస్తే ఈ పదేపదే చూసే బాధ తప్పుతుందని రాసి ఉంటుంది. ఆ మూడో రకంలో కొత్త భాగం స్టాక్ రావడానికి నెలలు పట్టిందనుకోండి, ఆ నెలలన్నీ ఆ తనిఖీ టార్చి పట్టుకున్న మనిషి మెడకి చుట్టుకుంటుంది.

ఇప్పుడు మొదటి కేసు. 2016 డిసెంబర్ 28న నార్త్ సీలో ఒక సికోర్‌స్కీ ఎస్-92 రిగ్గుల మధ్య షటిల్ తిరుగుతోంది. ఒక ప్లాట్‌ఫామ్ మీద నుంచి లేచేటప్పుడు పైలట్ చెప్పకుండానే ముక్కు పక్కకి తిరిగింది. నిర్మాణాల మధ్య గాలి సుడులు మామూలే కాబట్టి గాలి వల్లే అనుకున్నారు. తర్వాత వెస్ట్ ఫ్రాంక్లిన్ ప్లాట్‌ఫామ్ మీద, డెక్‌కి కొన్ని అడుగుల ఎత్తులో ఉండగా, హెలికాప్టర్ ఒక్కసారిగా గింగిరాలు తిరిగింది. చక్రాలు డెక్‌ని చీరేశాయి, గాట్లు పడ్డాయి. అంచు దాకా వెళ్ళి ఆగింది. ఇద్దరు పైలట్లు, తొమ్మిది మంది ప్రయాణికులు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోటోలు చూస్తే ఇప్పటికీ నాకు చెమట పడుతుంది.

దర్యాప్తులో తేలింది ఏమిటంటే, టెయిల్ రోటర్ పిచ్ చేంజ్ షాఫ్ట్ బేరింగ్ పాడైంది. అంటే పైన చెప్పిన, తిరిగేదానికీ తిరగనిదానికీ మధ్య ఉండే బేరింగే. అది పాడైతే పుట్టే వేడీ, తిప్పుడూ వెనకనున్న సర్వోకి (పెడల్ కదలికకు హైడ్రాలిక్ బలం జోడించి రాడ్‌ని జరిపే పరికరం) పాకి, దాని లోపలి పిస్టన్‌నే దెబ్బతీశాయి.

అసలు బాధ ఏమిటంటే, ఆ హెలికాప్టర్‌లో కంపనాలను కొలిచి రికార్డు చేసే హమ్స్ అనే వ్యవస్థ ఉంది. ఆ బేరింగ్ కంపనాలు హద్దు దాటుతున్నట్టు ప్రమాదానికి ముందే అది నమోదు చేసింది. డేటా డౌన్‌లోడ్ కూడా అయింది. కానీ దాన్ని పరిశీలించినప్పుడు ఆ హెచ్చరిక ఎవరి కంటా పడలేదు. యంత్రం తన పని తాను చేసింది, స్క్రీన్ మీది సమాచారం మనిషి బుర్రలోకి చేరలేదు. తెల్లవారుజామున మసక కళ్ళతో పేజీల కొద్దీ గ్రాఫులు తిప్పినవాళ్ళకి ఇది ఎంత తేలిగ్గా జరుగుతుందో తెలుసు. ఆ ఇంజనీర్‌ని తిట్టడం సులువు. అంత ముఖ్యమైన హెచ్చరిక మిగతా వాటిలో కలిసిపోయేలా ఉందే, తప్పు అక్కడుందని నేనంటాను.

తర్వాత ఏం చేశారో చూడండి, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. 2017 జనవరి 10న కంపెనీ బులెటిన్ ఇచ్చింది. 13న ఎఫ్ఏఏ ఎమర్జెన్సీ ఏడీ ఇచ్చింది. ఆ షాఫ్ట్, బేరింగ్ అసెంబ్లీని పరీక్షించాలి. చేత్తో తిప్పితే గరగరలాడుతోందా, ఎక్కడైనా పట్టేస్తోందా, లోపలి నుంచి బయటికి వచ్చిన గ్రీజులో లోహపు రజను ఉందా చూడాలి. అక్కడి నుంచి గడువులు 10 గంటల లెక్కకి దిగాయి. రోజుకి ఏడెనిమిది గంటలు ఎగిరే ఆఫ్‌షోర్ హెలికాప్టర్‌కి 10 గంటలంటే ఒకటిన్నర రోజు కూడా రాదు.

ఆ సంఖ్యను ఎవరో గాల్లోంచి తీసుకురారు. లోపం కంటికో పరికరానికో దొరికే స్థాయికి వచ్చాక, భాగం పూర్తిగా విఫలమయ్యేదాకా ఎంత సమయం పడుతుందో ముందు అంచనా వేస్తారు. ఆ వ్యవధిలో తనిఖీ ఒక్కసారి కాదు, రెండు మూడుసార్లు పడేలా గడువు పెడతారు. ఒకసారి చూసినవాడు పొరపడినా మరోసారి దొరకాలని. కాబట్టి ‘10 గంటలకొకసారి చూడండి’ అన్నారంటే ‘11వ గంటలో విరుగుతుంది’ అని కాదు. విరిగే లోపు కనీసం ఒకసారైనా పట్టుకుంటామన్న నమ్మకంతో పెట్టిన లెక్క అది.

రెండో కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 2018 అక్టోబర్ 27 రాత్రి ఇంగ్లండ్‌లోని లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో మ్యాచ్ అయ్యాక, క్లబ్ యజమాని విచై శ్రీవద్ధనప్రభ ఎక్కిన ఏడబ్ల్యూ169 హెలికాప్టర్ మైదానం మధ్యలోంచి లేచింది. సుమారు 430 అడుగుల ఎత్తుకి వెళ్ళిందో లేదో కుడివైపుకి తిరగడం మొదలుపెట్టి, ఆగకుండా తిరుగుతూ స్టేడియం బయట పడిపోయింది. ఐదుగురూ చనిపోయారు. సూపర్ ప్యూమా పైలట్లకు ఉన్న ఎత్తూ, వేగమూ ఇక్కడ లేవు.

ఇక్కడా బేరింగే. డ్యూప్లెక్స్ బేరింగ్ అంటారు, జంటగా అమర్చిన రెండు వరసల బంతులు. అది పట్టేయడంతో తిరగకూడని కంట్రోల్ షాఫ్ట్ కూడా టెయిల్ రోటర్‌తో పాటు తిరగడం మొదలుపెట్టింది. దాని రెండో చివర ఒక గాడులున్న నట్టు, అది ఊడకుండా స్ప్లిట్ పిన్ను. షాఫ్ట్ తిరిగిన బలానికి పిన్ను తెగింది, మర వదులైంది, సర్వోకి వెళ్ళే లివర్ల నుంచి షాఫ్ట్ విడిపోయింది. ఆ క్షణం నుంచి పైలట్ పెడల్ ఎంత నొక్కినా బ్లేడ్ల కోణానికీ దానికీ సంబంధం లేదు.

నవంబర్ 7న ఈఏఎస్ఏ ఇచ్చిన మొదటి ఎమర్జెన్సీ ఏడీ ఏడబ్ల్యూ169తో పాటు దాని అన్న ఏడబ్ల్యూ189కి కూడా వర్తించింది. అందులో చూడమన్నది సర్వో బిగింపుని. అప్పటికి శిథిలాల్లో దొరికిన ఆధారం అంతవరకే. దర్యాప్తు లోపలికి వెళ్ళేకొద్దీ బేరింగ్ మీద అనుమానం వచ్చింది, ఆ నెలలోనే మరిన్ని ఆదేశాలు వచ్చాయి. ఆగి ఉన్న బేరింగ్‌ని కదిలించడానికి ఎంత బలం కావాలో కొలవండి, నట్టు మీద గుర్తు గీత వేయండి, ఆ గీత జరిగిందేమో చూస్తుండండి అని. ఒకే భాగం మీద నెలలో ఇన్ని ఏడీలా అని బయటివాళ్ళు కంగారుపడ్డారు. లోపల పనిచేసేవాళ్ళకి అది మంచి సంకేతం. ఏ రోజుకి తెలిసింది ఆ రోజే కాగితం మీదికి వస్తోందన్నమాట. నన్నడిగితే, ప్రమాదం జరిగాక నెలలు గడిచినా ఏ కాగితమూ రాకపోతేనే అనుమానించాలి.

బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ తుది నివేదిక 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. అందులో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. హెలికాప్టర్ కంపెనీ ఫ్లైట్ టెస్టుల్లో కొలిచిన అసలు లోడ్లు బేరింగ్ తయారుచేసిన కంపెనీకి చేరలేదు. చేరాలని రూలూ లేదు. సర్వీసులోంచి తీసేసిన బేరింగ్‌లను విప్పి, లెక్క వేసిన ప్రకారమే అరిగాయా అని చూడాలన్న నిబంధనా లేదు. చూసి ఉంటే ఆ అరుగుదల ముందే తెలిసేదేమో. మెయింటెనెన్స్‌లో మనం బాగున్న భాగాన్నే పట్టుకుని చూస్తాం, పాత భాగం చెత్తబుట్టలోకి పోతుంది. ఆ చెత్తబుట్టలోనే ఎక్కువ సమాచారం ఉంటుంది.

మరి ఆ మోడల్‌ని అప్పుడే ఎందుకు ఆపెయ్యలేదు? ఎక్కడ చూడాలో తెలిసి, చూస్తే దొరుకుతుందన్న నమ్మకం ఉన్నప్పుడు తనిఖీతో ఎగరనిస్తారు. ఎక్కడ చూడాలో తెలియనప్పుడు, చూసినా దొరకనప్పుడు ఆపేస్తారు. మన దేశంలోనే దానికి ఉదాహరణ ఉంది. 2005 నవంబర్‌లో హెచ్ఏఎల్ ధ్రువ్ ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రాష్ ల్యాండింగ్ అయింది. టెయిల్ రోటర్ బ్లేడ్లలో వాడిన కాంపోజిట్ (పీచూ జిగురూ కలిపి చేసే పదార్థం) దగ్గరే లోపం తేలింది. బ్లేడ్ పదార్థమే అనుమానం అయినప్పుడు టార్చి వేసి ఏం చూస్తాం? ధ్రువ్‌లన్నింటినీ నేల మీదే ఉంచారు, బ్లేడ్లు మార్చాకే మళ్ళీ ఎగిరాయి.

ఈ తనిఖీ దగ్గర నుంచి ఎలా ఉంటుందో చెబుతాను, వార్తల్లో ఆ సంగతి ఉండదు కాబట్టి. కేదార్‌నాథ్ లోయలో ఎక్కువగా తిరిగే రకాల్లో హెచ్125 ఒకటి, పాత పేరు ఏఎస్350. దాని టెయిల్ రోటర్ బ్లేడ్లు మొదలు దగ్గర రబ్బరూ లోహమూ పొరలు పొరలుగా అతికించిన అర్ధ బేరింగుల మీద ఒరిగి ఉంటాయి. బ్లేడ్ కోణం మారినప్పుడల్లా ఆ రబ్బరు మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటుంది. సాయంత్రం చివరి ఫ్లైట్ దిగాక స్టూలెక్కి, టార్చి వేసి, ఒక చేత్తో బ్లేడ్‌ని మెల్లగా మెలితిప్పుతూ చూడాలి. పొరల అంచున సన్నగా నల్లటి పొడి రాలుతుంటే, పిల్లలు రబ్బరుతో చెరిపినప్పుడు పుస్తకం మీద మిగిలే ముక్కల్లాంటివి, అది ముసలిదవుతోందని. పొర పక్కకి పొంగినా, అతుకు విడినా, మాన్యువల్లో ఇచ్చిన హద్దు ఎంతో కొలిచి చూడాలి. కోణాన్ని మార్చే చిన్న రాడ్ల చివర గుండ్రటి బేరింగుల్లో లూజు ఎంతుందో వేళ్ళకే తెలుస్తుంది. కానీ వేళ్ళకి తెలిసింది లాగ్‌బుక్‌లో రాయలేం, డయల్ గేజ్ పెట్టి కొలవాల్సిందే.

బెల్ 407 అయితే తోక పొడుగునా డ్రైవ్‌షాఫ్ట్ ముక్కలు ముక్కలుగా ఉంటుంది. మధ్య మధ్య షాఫ్ట్‌ని పట్టి ఉంచే హ్యాంగర్ బేరింగులు, పల్చటి ఉక్కు రేకులు పేర్చిన కప్లింగులు. ఆ రేకుల్లో బయటి దాని అంచున వెంట్రుకంత పగులు కోసం పదిరెట్ల భూతద్దం పట్టుకుని చూస్తాం. బోల్టు చుట్టూ ఎర్రమట్టి రంగు పొడి కనిపిస్తే ఉక్కు భాగాలు రెండు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయని అర్థం. అల్యూమినియం దగ్గర అదే పొడి నల్లగా, నూనె తగిలితే కాటుక రంగులో ఉంటుంది. గేర్‌బాక్స్ అడుగున అయస్కాంతం ఉన్న ప్లగ్ తీస్తే, దానికి అంటుకున్న రజను చూసి లోపల ఏ పన్ను అరుగుతోందో ఊహించవచ్చు. బ్లేడ్ మీద చిన్న సుత్తితో కొట్టుకుంటూ పోతాం. అతుకు బాగుంటే ఖంగుమంటుంది, విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. ఇది హ్యాంగర్ పక్కన జనరేటర్ మోగుతుంటే కుదరదు. అందుకే జనరేటర్ ఆపించమని నేను గొడవపడేవాణ్ని, ‘నువ్వొక్కడివే ఇంత చాదస్తం’ అనిపించుకునేవాణ్ని.

తనిఖీ ఎంత ఎక్కువ చేస్తే అంత మంచిదా? అక్కడ కొంచెం ఆగాలి. కంట్రోల్ రాడ్ విప్పి చూసి మళ్ళీ బిగించిన ప్రతిసారీ కొత్త తప్పుకి తలుపు తీసినట్టే. పిన్ను పెట్టడం మరచిపోవచ్చు, వాషర్ తిరగేసి వేయొచ్చు, నట్టుని చెప్పినంత బలంతో బిగించకుండా సగంలో ఆపొచ్చు. అందుకే ఫ్లైట్ కంట్రోల్ ఏది కదిపినా డూప్లికేట్ ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి: చేసినవాడు కాక, ఆ పనిలో చెయ్యి పెట్టని ఇంకో అర్హత ఉన్న మనిషి వచ్చి మళ్ళీ చూసి సంతకం పెట్టాలి. బిగించిన నట్టు మీంచి కింది భాగం దాకా ఒక రంగు గీత గీస్తాం. నట్టు ఏమాత్రం జరిగినా గీత విరుగుతుంది, దూరం నుంచే తెలుస్తుంది. నేను చూసిన ఒక చోట, సీజన్ ఒత్తిడిలో ఉండగా, ఇద్దరి సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే నిమిషంలో పడేవి. ఆ రెండో సంతకం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అక్కడ ఎక్కువ కాలం ఉండలేకపోయాను.

కేదార్‌నాథ్ ప్రత్యేకంగా ఎందుకు కష్టమంటే, అక్కడి హెలిప్యాడ్ ఎత్తు సుమారు 11,700 అడుగులు. గాలి పల్చన. మెయిన్ రోటర్‌కి బలం ఎక్కువ కావాలి, దాన్ని తట్టుకోడానికి టెయిల్ రోటర్ కూడా ఎక్కువ నెట్టాలి. అదే పల్చటి గాలిలో దాని పట్టు తగ్గుతుంది. పెడల్ చివరిదాకా పోయే పరిస్థితులు మైదానాల కంటే అక్కడే ఎక్కువ. పైగా కింది హెలిప్యాడ్ నుంచి పైకి కొద్ది నిమిషాల ప్రయాణం, దిగడం, లేవడం, మళ్ళీ దిగడం. గంటల లెక్కలో తక్కువే కనిపిస్తుంది, కానీ భాగాల మీద భారం పడేది లేచేటప్పుడూ దిగేటప్పుడూ. అందుకే బెల్ లాంటి కంపెనీలు కొన్ని భాగాలకు గంటలతో పాటు ఎన్నిసార్లు లేచింది, ఎంత బరువు లాగింది అన్న లెక్క కూడా పెడతాయి. ఆ లెక్క రోజూ నిజాయితీగా రాస్తేనే విలువ. దుమ్మూ, సన్న రాళ్ళూ బ్లేడ్ ముందు అంచుని కొరుకుతాయి. రాజమండ్రి వైపు మా గొడవ ఉప్పుగాలి, అక్కడ ప్రతి సాయంత్రం మంచినీళ్ళతో కడిగేవాళ్ళం.

ఇంత చెప్పాక కూడా ఒక మాట చెప్పకపోతే మీకు తప్పుడు భయం అంటించినవాణ్నవుతాను. కేదార్‌నాథ్ దారిలో టెయిల్ రోటర్ కంటే పెద్ద ప్రమాదం వాతావరణం. 2022 అక్టోబర్ 18న గరుడ చట్టి దగ్గర, 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర కూలిన రెండు బెల్ 407లలోనూ ఏడుగురేసి చనిపోయారు. రెండుసార్లూ లోయలో మబ్బు కమ్మి దారి కనిపించని పరిస్థితే. 2009 సెప్టెంబర్ 2 నాటి వైఎస్ రాజశేఖరరెడ్డి గారి ప్రమాదం గురించి కూడా ‘తోక విరిగిందట’ అనేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. దర్యాప్తులో తేలింది భారీ మేఘంలోకి వెళ్ళి, కిందికి తోసే గాలిలో చిక్కుకోవడం. ఆ చివరి నిమిషాల్లో పైలట్లు ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ సమస్యతో సతమతమవుతున్నారు.

కాబట్టి మీరు చేయగలిగింది ఇదీ. టికెట్ ఐఆర్‌సీటీసీ హెలియాత్ర సైట్‌లోనే తీసుకోండి, మధ్యవర్తులు ఫోన్‌లో ఇచ్చే ‘స్పెషల్ కోటా’ జోలికి పోవద్దు. వీలైతే ఉదయం స్లాట్ చూసుకోండి, మధ్యాహ్నానికి లోయలో మబ్బు దిగుతుంది. తిరుగు రైలుకీ యాత్రకీ మధ్య కనీసం ఒక రోజు ఖాళీ ఉంచండి. వాతావరణం బాలేదనో, టెక్నికల్ కారణమనో ఫ్లైట్ ఆపితే కౌంటర్ దగ్గర గొడవ చెయ్యొద్దని నాన్నగారికి ముందే చెప్పండి. టెక్నికల్ కారణంతో ఆపారంటే లోపల ఎవరో ఒకరు ఒత్తిడికి లొంగకుండా తన పని చేశారని. ఆపరేటర్ ఆఫీసుకి ఫోన్ చేసి ఏడీ గురించి అడగదలిస్తే మోడల్ పేరు చెప్పి ‘ఆ తనిఖీ పూర్తయిందా, ఒక్కసారి చేసేదా, మళ్ళీ మళ్ళీ చేసేదా’ అని అడగండి. సరైన చోట అయితే ఫోన్ మెయింటెనెన్స్ వాళ్ళకి ఇస్తారు, వాళ్ళు రెండు వాక్యాల్లో చెప్పేస్తారు.

హెలిప్యాడ్ మీద మాత్రం ఒక్క విషయంలో రాజీ వద్దు. 2023 ఏప్రిల్‌లో, యాత్ర మొదలయ్యే ముందు, కేదార్‌నాథ్ హెలిప్యాడ్‌లోనే ఒక ప్రభుత్వ అధికారి తిరుగుతున్న టెయిల్ రోటర్ తగిలి చనిపోయారు. వేగంగా తిరుగుతున్న టెయిల్ రోటర్ కంటికి దాదాపు కనిపించదు. సిబ్బంది చెప్పిన వైపు నుంచే ఎక్కాలి, దిగాలి, తోక వైపు అడుగు కూడా వెయ్యకూడదు, సెల్ఫీ కోసమైతే అసలే వద్దు. అమ్మగారి శాలువా, నాన్నగారి మంకీ క్యాప్ ఎక్కకముందే బ్యాగులో పెట్టించండి. గాలికి ఎగిరి టెయిల్ రోటర్‌లో పడిందంటే ఆ హెలికాప్టర్ తనిఖీకి ఆగిపోతుంది, వెనక క్యూలో ఉన్నవాళ్ళందరి యాత్రా దానితో పాటే ఆగుతుంది.